ముందు పూస, తర్వాత కాంచళి



ఆత్మకూర్ చుట్టుపక్కల తండాల్లో కాంచళి, ఫేటియా ఇప్పుడు పెద్ద వయసు ఆడవాళ్ల ఒంటి మీదనే ఎక్కువ కనిపిస్తున్నయి. పండుగకు కట్టుకోవాలని ఆడపిల్లలకు ఆశ ఉంది, కుట్టుడు రాదు. అందుకే సెలవు రోజుల్లో మా పిల్లలకు పూసపని మొదటి నుంచి నేర్పుతున్నం.

ముందు పూస ఎట్ల పుడుతదో చెప్తం. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో కొలిమిలో గాజు కరిగించి, ఆ ముద్దను ఇనుప గొట్టానికి పట్టించి, సన్నని తీగలాగ చేత్తో లాగుతరు. నడుమ బెజ్జం అట్లనే నిలుస్తది. చల్లారినంక ముక్కలు చేసి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచులు నునుపైతయి. రెండు వేల ఏండ్ల కింద పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో కూడా ఇట్లనే గాజు లాగి పూసలు చేసిండ్రని పరిశోధకుల మాట. కొలిమి పని పిల్లలది కాదు. గుచ్చుడు, కుట్టుడు మనది.

కొత్తగా నేర్చుకునేటోళ్లకు మొదటి పాఠం పూసను ఎంచుడు. గాజు పూస చేతికి చల్లగ, బరువుగ ఉంటది. బెజ్జం అంచు పగిలితే దారాన్ని కోస్తది, దాన్ని పక్కకు పెట్టాలె. పూసలు పళ్లెంల పోస్తే దొర్లుతయి, గుడ్డ మీద పోయాలె. దారానికి మైనం రాస్తే చిక్కుపడదు. మొదటి వరస ఒకటే రంగు. రెండోది మూడు ఎరుపు, రెండు తెలుపు. లెక్క తప్పితే విప్పి మళ్లీ గుచ్చాలె.

"చదువు పాడవదా మేడం?" అని అడుగుతున్నరు. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, చెప్తున్న వినుండ్రి. మూడు, రెండు చొప్పున నూరు పూసలకు ఎన్ని ఎరుపు, ఎన్ని తెలుపు కావాలో లెక్క కట్టిన పిల్లకు నిష్పత్తి పాఠం వేరే చెప్పే పని లేదు.

యాడీలకు ఒక్కటే మనవి. పాత కాంచళీలు కొని, కోసి, సంచులు కుట్టి అమ్మే వ్యాపారం ఉన్నది. అవసరానికి అమ్ముకుంటే తప్పు పట్టను. అమ్మే ముందు ఒక్క రోజు మీ బిడ్డ చేతికియ్యుండ్రి. ఎన్ని పూసలు, ఏ రంగు, ఏ కుట్టో గళ్ల నోట్‌బుక్కులో దించుకుంటది. ఆ కుట్టు పేరు మీరు మన గోర్‌బోలీలో చెప్పుండ్రి, పక్కన రాసుకుంటది. బట్ట పోయినా పని తండాలనే ఉంటది.