ఎథికల్ హ్యాకింగు శిక్షణము – మన విద్యానిధి కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 మేము గొప్ప వక్తలము గాము. కంప్యూటరు శాస్త్రమున పండితులమును గాము. విద్యానిధి యుపసంఘ సభ్యులమై, ధర్మదాతలిచ్చిన ప్రతి రూపాయకును జవాబు చెప్పవలసినవారము.

గత సంవత్సరము విద్యానిధికి వచ్చిన దరఖాస్తులలో కొన్ని ఎథికల్ హ్యాకింగు ప్రారంభశిక్షణమునకు రుసుము కోరుచు వచ్చినవి. ఉపసంఘమున వాదము పుట్టినది. "పరుల యింటి తాళము తెఱచు విద్యకు మన సొమ్ము వెచ్చింతుమా?" అని కొందఱు పెద్దలు ప్రశ్నించిరి. "ఉద్యోగములు వచ్చునట, ఇచ్చివేయుడు" అని మఱికొందఱనిరి. ఎఱుగని విషయమున ఔననుటయు కాదనుటయు నొక్కటే దోషమని తలచి, మేమే స్వంత వ్యయముతో హైదరాబాదు అమీరుపేటలో నొక శిక్షణాలయమున జేరి, మా బిడ్డల యీడు పిల్లల నడుమ గూర్చుండి నలువది దినములు పాఠము వింటిమి.

ముందుగా పెద్దల సందేహమునకు సమాధానము చెప్పవలయును. మనది తాళములను, పెట్టెలను, నగలను చేసిన చేతుల కులము. లండను నగరమున బ్రామా తాళమొకటి అర్ధశతాబ్దికి పైగా నెవ్వరికిని లొంగక, తెఱచినవారికి 200 గినీల బహుమానమను ప్రకటనతో కార్యశాల కిటికీలో నుండెను. 1851లో నచటి మహాప్రదర్శనమునకు వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను అమెరికను తాళనిపుణుడు, యజమానుల సమ్మతితో, మధ్యవర్తుల యేర్పాటున, పదునాఱు దినములలో సుమారు 51 గంటలు శ్రమించి దానిని తెఱచెను. అతనిని దొంగ యని యెవరు ననలేదు; బహుమాన మిచ్చిరి. తాళములు చేయువారు తమ పనిని మఱల పరిశీలించుకొనవలసి వచ్చెను. ఎథికల్ హ్యాకరు చేయు పనియు నిట్టిదే. యజమాని కోరగా లోపమును వెదకి, దానిని యజమానికే చెప్పుట.

ఇక శిక్షణ స్వరూపము. మొదటి దినములలో కంప్యూటర్లు పరస్పరము మాటలాడుకొను పద్ధతి నేర్పిరి. ప్రతి కంప్యూటరునకును 0 మొదలు 65,535 వఱకు సంఖ్యలు గల ద్వారములున్నవి, వీనిని పోర్టులందురు. సురక్షితములైన వెబ్‌పుటలు సాధారణముగా 443వ ద్వారమున నడచును. ఎన్‌మ్యాప్ అను సాధనము, ఏ ద్వారములు తెఱచియున్నవో తట్టి చూచి చెప్పును. పిదప కాలీ లినక్సును, వైర్‌షార్కును పరిచయము చేసిరి. అభ్యాసమంతయు నొక కంప్యూటరులో సృష్టించిన కల్పిత కంప్యూటర్లమీదనే జరుగును. అభ్యాసమునకై బుద్ధిపూర్వకముగా లోపములతో చేయబడిన మెటాస్ప్లాయిటబుల్ వంటివి వానిలో నుంచెదరు. అందు చెఱుపు జరిగినను నష్టపడువా డెవడును లేడు.

సంకేతపదముల పాఠము ప్రతి గృహస్థునకు నుపయుక్తమైనది. నాలుగంకెల సంకేతమునకు 10,000 కూర్పులే గలవు. యంత్రమున కది రెప్పపాటు పని. ఆంగ్లపు చిన్నయక్షరములు ఎనిమిదింటికి సుమారు 20,882 కోట్ల కూర్పులు గలవు. దానికి మఱి నాలుగక్షరములు చేర్చినచో నా సంఖ్య 4,56,976 రెట్లు పెరుగును. కాబట్టి నిడుపైన సంకేతపదమే బలమైన తాళము. అయినను పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు పెట్టుకొన్నవారికి నిడుపు సైతము రక్షణ కాదు; ఊహించువాడు మొట్టమొదట వానినే ప్రయత్నించును.

ఇప్పుడు మా తప్పిద మొకటి సభాముఖమున నొప్పుకొనవలసియున్నది. పదునైదవ దినమున, నేర్చిన విద్యపై నుత్సాహము పట్టజాలక, మన సంఘ విద్యార్థివసతిగృహపు వైఫై మీద ఎన్‌మ్యాప్‌ను ప్రయోగించితిమి. "మన సంఘమే గదా" యనుకొంటిమి. మఱునాడు గర్వముతో నా సంగతి చెప్పగా, మా కంటె నిరువదియేండ్లు చిన్నవాడైన ఉపాధ్యాయుడు పాఠము నాపి, "అయ్యా, సంఘము మీదైనను ఆ యంత్రమునకు బాధ్యులు మీరు కారు. కార్యదర్శిగారు వ్రాతపూర్వకముగా ననుమతించిరా?" అని యడిగెను. మా యొద్ద సమాధానము లేకపోయెను. ఆ దినము నేర్చినంత మఱి యే దినమునను నేర్వలేదు.

సమాచార సాంకేతిక చట్టము, 2000లోని 43వ సెక్షను ప్రకారము, యజమానియొక్క గాని బాధ్యుడైనవానియొక్క గాని యనుమతి లేక యొకని కంప్యూటరులో బ్రవేశించినవాడు నష్టపరిహారమునకు బాధ్యుడగును. ఆ పనినే నిజాయితీ లేక, మోసబుద్ధితో చేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు చెఱసాల, లేదా అయిదు లక్షల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

మేము కార్యదర్శిగారి యెదుట తప్పొప్పుకొని, అనుమతి వేడితిమి. వారు తొలుత, "తమరీ వయస్సున నేర్చివచ్చిన విద్య యిదియా?" అని నొచ్చుకొనిరి, పిదప నాలోచించి, ఏ యంత్రములను, ఏ దినమున, ఎంతవఱకు పరీక్షింపవచ్చునో వ్రాసి సంతకము చేసి యిచ్చిరి. మా ఉపాధ్యాయుని సమక్షమున పరీక్షింపగా, వైఫై యంత్రపు నిర్వాహక సంకేతపదము కొన్ననాటినుండి మార్చబడలేదు. అంతకంటె ఘోరము, మన కులసభ్యుల పట్టిక, వివాహసంబంధముల వివరములు, ఉపకారవేతనము పొందు పిల్లల బ్యాంకు ఖాతాల సంఖ్యలు వసతిగృహమునకు వచ్చిన యతిథి యెవడైనను చూడగల స్థితిలో నుండెను. మన యాడుబిడ్డల ఫోను సంఖ్యలు, ఛాయాచిత్రములు అందులో నున్నవి. నివేదికను మూసిన కవరులో కార్యదర్శిగారి కొప్పగించితిమి. వారము లోపల లోపములు సరిదిద్దబడినవి. పరుల బంగారమును నమ్మకముగా పట్టిన మన పెద్దలు, పరుల వివరములు నట్టి సొత్తే యని యెఱుంగుదురు గాక!

యోగ్యతాపత్రము గూర్చి యొక మాట. ఈసీ-కౌన్సిలు వారి సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్ పరీక్షయందు 125 ప్రశ్నలకు నాలుగు గంటలు గడువు. కాంప్‌టియా వారి సెక్యూరిటీ ప్లస్ యందు 90కి మించని ప్రశ్నలకు 90 నిమిషములు. ఇట్టివి గుమ్మము వంటివి. లోపలి యిల్లు వేఱు. పత్రము చేతికందగనే యుద్యోగము ఖాయమని బోర్డు కట్టువారి మాట నమ్మదగదు. మాతో చదివినవారిలో లినక్సును, నెట్‌వర్కును ముందుగా నభ్యసించిన యిరువురు ముందుకు సాగిరి. అప్పు చేసి వచ్చి, పునాది లేక ప్రశ్నోత్తరములు కంఠస్థము చేసిన యొక పిల్లవాడు కన్నీటితో వెడలిపోవుట మేము చూచితిమి. అట్టివాడు మన బిడ్డయు కావచ్చును.

కావున ఈ క్రింది సూచనలను సభవారి పరిశీలనకు సమర్పించుచున్నాము.

1. రుసుము కోరు విద్యార్థి ముందుగా మూడు మాసములు లినక్సు, నెట్‌వర్కు పాఠముల నుచితముగా లభించు పుస్తకములనుండి నేర్చి, ఉపసంఘము నెదుట చూపవలయును.

2. ఉద్యోగము ఖాయమని వాగ్దానము చేయు శిక్షణాలయమునకు మన నిధినుండి సొమ్ము చెల్లింపరాదు.

3. వ్రాతపూర్వకమైన యనుమతి లేక యే యంత్రమును ముట్టనని విద్యార్థి ప్రమాణపత్రము నీయవలయును. బాలికలకు బాలురతో సమానముగా సహాయము చేయవలయును.

4. ఇట్లు నేర్చినవారు సంవత్సరమున కొకమారు సంఘపు యంత్రములను పరీక్షించి, సభ్యుల కుటుంబములకు జాగ్రత్తలు బోధింపవలయును. సైబరు మోసమున సొమ్ము పోయినవారు వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలయునను సంగతి ప్రతి యింట తెలియవలయును.

మహాశయులారా! తాళము చేయువానికి తెఱచుటయు తెలిసియే యుండును. ఆ తెలివిని ఊరు నమ్మినది గనుకనే మన పూర్వులు గౌరవముతో బ్రతికిరి. ఆ నమ్మకమునే యీ కొత్త విద్యలోను మన పిల్లలు నిలుపుకొందురు గాక!