థాయిదేశమున ఇంగ్లీషు పంతులు

పూండి స్టేషనులో రైలు దిగి తూర్పుగా సాగినచో ఉద్దానము ఎదురగును. ఇసుక నేల, కొబ్బరి, జీడిమామిడి, పనస. అవి దాటిన సముద్రము. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలందురు. ఈ తోటల నీడన పుట్టినవారు సముద్రము దాటి బ్రతుకుదెరువు వెదకుకొనుట నిన్న మొన్నటి మాట కాదు. బారువ, కళింగపట్నము రేవులలో ఆవిరి ఓడలెక్కి ఈ తీరమువారు వేలాదిగా రంగూను పోయిరి. ఆ పట్టణమును మన పల్లెవారు ‘రంగ’మనిరి. అచ్చటి రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవారు మనవారే. 1930 మే నెలలో తెలుగు కూలీలకును బర్మా కూలీలకును జరిగిన కొట్లాటలు, 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసిన పిమ్మట లక్షలాది భారతీయులు కొండలు అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చుట, ఇవన్నియు చరిత్ర కెక్కినవి.

నాడు మనవాడు ఓడ యెక్కించినది తన భుజబలమును. నేడు బర్మాకు తూర్పున ఆనుకొనియున్న థాయిదేశమునకు, పూర్వపు సయామునకు, డిగ్రీ పట్టా పట్టుకొని పోవు భారతీయ యువతీయువకులు కలరు. వారిలో తెలుగువారును కలరు. ఇంగ్లీషు చెప్పు విద్యలో శిక్షణ పొంది, అచ్చటి బడిలో పంతులుగా కుదురుకొనవలెనని వారి తలంపు. 2018 అక్టోబరు 11 వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటి, కాపునకు వచ్చిన కొబ్బరిచెట్లను, జీడితోటలను కూల్చిపోయినది. నాటిన కొబ్బరిమొక్క కాయుటకు ఏండ్లు పట్టును. అట్టి యింట బిడ్డ చదువు మీద ఎంత భారము పడునో వేరుగ చెప్పనక్కరలేదు. నేటి మా ప్రసంగము అట్టి బిడ్డలను గూర్చి. వారిని పంపవలెనా వలదా యని సంశయించు తల్లిదండ్రుల కొరకు.

థాయిదేశమునకు ఇంగ్లీషు పంతుళ్లు ఏల కావలసివచ్చిరి? ఆ దేశము ఏ ఐరోపా రాజ్యమునకును వలసగా లొంగలేదు. కావున మనకు వలె కచేరీలలోను కళాశాలలలోను ఇంగ్లీషు పాతుకొనిపోలేదు. పిల్లవాడు బడిలో తప్ప ఆ భాష వినుట యరుదు. 1996 నుండి ఒకటవ తరగతిలోనే దానిని నిర్బంధ పాఠ్యాంశము చేసిరి. యాత్రికుల రాకపోకలపై బ్రతుకు దేశమునకు అది అన్నము పెట్టు భాష యాయెను. అందుచే విదేశీయుల పిలుపు. ఆ పిలుపులో ఒక తిరకాసు కలదు. ఉద్యోగ ప్రకటనలలో తరచుగా కోరునది ఇంగ్లీషు మాతృభాషగా గలవారిని; అనగా బ్రిటను, ఐర్లండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశముల పాసుపోర్టు గలవారిని. తక్కినవారు ఇంగ్లీషు పరీక్షలో ఇన్ని మార్కులు తెచ్చుకొంటిమని ఋజువు చూపవలెను. చూపినను జీతము తక్కువగా నుండుట పరిపాటి. మన పిల్లలకు అచ్చట తగులు మొదటి దెబ్బ ఇది.

ఈ సందర్భమున ఒక పాత కథ చెప్పక తప్పదు. 1862 లో మోంగ్‌కుట్ రాజు తన బిడ్డలకు ఇంగ్లీషు చెప్పుటకై ఆనా లియోనొవెన్స్ అను వితంతువును సింగపూరునుండి పిలిపించుకొనెను. ఆమె శిష్యులలో ఒకడే తరువాత చులలొంగ్‌కార్న్ మహారాజాయెను. ఐదేండ్లు అచ్చట చెప్పి ఆమె వ్రాసిన పుస్తకములు, వానినిబట్టి వచ్చిన నాటకములు, చలనచిత్రములు ప్రపంచమంతయు తిరిగినవి. తాను వేల్సు దేశమున పుట్టితినని ఆమె జీవితమంతయు చెప్పుకొనెను. ఆమె గతించిన ఎంతో కాలమునకు పరిశోధకులు రికార్డులు వెదకగా, 1831 లో మన భారతదేశమందలి అహమ్మదునగరులో పుట్టినదని తేలెను. తల్లివైపున భారతీయ రక్తము కూడ ఉండవచ్చునని వారి యూహ. సయాములో పేరుకెక్కిన ఇంగ్లీషు పంతులమ్మ మన గడ్డమీద పుట్టినది; ఆ సంగతి దాచుకొనవలసివచ్చినది. ఆమె చెప్పిన పాఠమునకు పుట్టిన ఊరివలన వచ్చిన లోపమేమియో ఆ రాజకుమారులు ఎరుగరు.

ఇక శిక్షణ మాట. ఈ శిక్షణలు పలు రకములు. కేంబ్రిడ్జివారి ‘సెల్టా’ అను దానిలో కనీసము 120 గంటల పాఠములు, 6 గంటల బోధనాభ్యాసము ఉండును. దినమంతయు చదివినచో నాలుగు వారములలో ముగియును. తరగతిలో నిజమైన విద్యార్థులు కూర్చుందురు. శిక్షణ పొందువాడు బల్లముందు నిలిచి చెప్పును. వెనుక వరుసలో పరీక్షకుడు కాగితముపై వ్రాసికొనుచుండును. పాఠము ముగిసిన పిమ్మట తోడి శిష్యుల యెదుటనే తప్పొప్పుల చర్చ. మన కళాశాలలలో ఉపన్యాసములు వ్రాసికొని పరీక్షలు ప్యాసైనవారికి ఇది క్రొత్త. ‘పంతులు ఎంత తక్కువ మాటాడిన పాఠము అంత మంచిది’ అన్నప్పుడు మనవారికి మతిపోవును. మన యూళ్లలో మంచి పంతులనగా గంటసేపు గుక్క తిప్పుకొనక చెప్పువాడు గదా!

ఇట్టి శిక్షణలలో మొదటి దినములలోనే ఒక చిత్రమైన పాఠము పెట్టుట కలదు. శిష్యులలో ఎవరికిని రాని భాషలో గురువు పాఠము మొదలుపెట్టును. ఇంగ్లీషు ముక్క పలుకడు. బొమ్మలు, సైగలు, మరల మరల పలికించుట, అంతే. ఇంగ్లీషు తప్ప వేరొక భాష నేర్వని దొరబిడ్డకు అప్పుడు గాని నేర్చుకొనువాని అవస్థ తెలిసిరాదు. పూండి పిల్లకు ఆ పాఠము ఆరవ తరగతిలోనో అంతకు ముందో అయిపోయినది. ‘ది’ ఎచ్చట పెట్టవలెనో, ‘ఏ’ ఎచ్చట పెట్టవలెనో తెలియక ఎర్రసిరా గీతలు చూచి ఏడ్చిన దినములు ఆమెకు జ్ఞాపకమే. థాయిభాషలోను ఆ రెండును లేవు. ఆ పిల్లవాడు ఎందుకు తప్పినాడో ఆమెకు తెలియును. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవానికి తప్పినాడని మాత్రమే తెలియును. మేము ఈ భేదమునే ముఖ్యముగా చెప్పదలచినాము.

ఉచ్చారణ సంగతి చూడుడు. తెలుగు అజంత భాష. హల్లుతో ముగిసిన మాట మన నోట నిలువదు. వెంటనే ఒక ఉకారము తగిలింతుము. బస్సు, బిల్లు, కారు, బుక్కు. థాయివారిది దీనికి తలక్రిందులు. మాట చివర వారు పలుకగల హల్లులు కొన్నియే; సకారము వచ్చిన తకారమగును, లకారము వచ్చిన నకారమగును. మన బస్సు వారి నోట ‘బట్’; మన బిల్లు వారి నోట ‘బిన్’. భోజనశాలలో ‘చెక్ బిన్’ అనినచో చెల్లించవలసిన బిల్లు తెమ్మని యర్థము. సంస్కృతపు మాటలకును ఇదే గతి. 2006 లో తెరచిన బ్యాంకాకు విమానాశ్రయము పేరు సువర్ణభూమి. వ్రాత మనదే, పలుకు ‘సువన్నఫూమ్’. (విదేశీ నామములు చదువవలసివచ్చిన మా రేడియో వార్తాపాఠకుల కష్టము శ్రోతలు ఇప్పుడైన గ్రహింతురు గాక.) మనము మాటతోకకు ఒక అచ్చును కట్టుదుము, వారు తోకను మ్రింగుదురు. ఇంగ్లీషు ఈ రెంటికిని నడుమ నిలిచినది. తన ఉకారమును వదలుకొనుటకు పాటుపడిన తెలుగువాడు, ఎదుటివాని మ్రింగుడును వినిపట్టుకొనగలడు. అందుకు తన చెవికి కొంత సాన పెట్టుకొనవలెను. అది ఊరక రాదు.

మరియొక చిక్కు. ‘అర్థమైనదా?’ యని అడిగినచో మన పిల్లలు ‘అయినదండి’ యందురు. కానిది మరునాడు బయటపడును. థాయి పిల్లలు మనలను మించినవారు. ఎదుటివారికి ఇబ్బంది కలుగనీయరాదను సంకోచమునకు వారి భాషలో ‘క్రేంగ్ చై’ అని పేరు. గురువుతో తెలియలేదనుట గురువునే తక్కువ చేసినట్లని వారు వెనుదీయుదురు. అందుచే శిక్షణలో ‘అర్థమైనదా’ యను ప్రశ్ననే మానుమందురు. ‘రాము ఇచ్చట పదేండ్లుగా ఉన్నాడు’ అను వాక్యము చెప్పిన పిదప, ‘రాము ఇప్పుడు ఇచ్చట ఉన్నాడా?’ యని అడుగవలెను. జవాబును బట్టి తెలిసినదో లేదో తెలియును. చిన్న ఉపాయమే, మన బడులలోనికిని రాదగినది.

నివాసము సంగతికి వచ్చినచో, ఆ దేశము మనకు పూర్తిగా పరాయి కాదు. గురువును ‘ఖ్రూ’ అందురు. కళాశాల గురువు ‘ఆచాన్’, అనగా ఆచార్యుడు. కళాశాల ‘విత్థయాలై’. గురువారమునకు బృహస్పతి పేరే. బడులు తెరచిన తరువాత, సాధారణముగా జూనులో ఒక గురువారమునాడు, ‘వై ఖ్రూ’ అను గురువందనము జరుగును. పిల్లలు మోకాళ్లపై వచ్చి గరిక, రామబాణపు పూలు, వంగపూలు సమర్పింతురు. గరిక వలె చదువు అల్లుకొనవలెననియు, సూదివంటి మొగ్గ గల రామబాణము వలె బుద్ధి పదును తేరవలెననియు, వంగపువ్వు వలె తల వంచి యుండవలెననియు భావము. వినాయకునికి గరిక పెట్టు ఇంటనుండి పోయిన పిల్లకు ఆ దృశ్యము ఎట్లుండునో శ్రోతలే ఊహించుకొనగలరు. మాట చివర మనము ‘అండి’ చేర్చినట్లు అచ్చటి పురుషుడు ‘ఖ్రప్’ అనియు, స్త్రీ ‘ఖా’ అనియు చేర్చును. ఎదురుపడినవారిని అన్నము తింటిరా యని పలుకరించుట ఉభయులకును ఉన్నదే. మరి ఉద్దానపువారికి ఒక ప్రత్యేకమైన చుట్టరికము: జీడిమామిడిని మనము మామిడి యన్నట్లే వారును ‘మముఆంగ్ హిమ్మఫాన్’, హిమవంతపు మామిడి, అందురు. కొబ్బరిపాలు లేని వంట అరుదు. చేపల ఊట మాత్రము శాకాహారులకు చిక్కు తెచ్చును. ‘మాంసము వేయలేదు’ అన్నంతమాత్రమున నమ్మరాదు.

ఇంతటి చుట్టరికము ఉన్నను, జీతపు బల్లవద్ద పాసుపోర్టు రంగు అడుగుదురు. మన రాజధానిగా నుండిన హైదరాబాదులో 1958 లో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థను స్థాపించిరి. ఇంగ్లీషు చెప్పు పంతుళ్లకు పాఠము చెప్పుటయే దాని పని. 2007 లో అది కేంద్ర విశ్వవిద్యాలయమైనది. థాయిదేశమునకు చుట్టుప్రక్కల నున్న కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాములలో భారత ప్రభుత్వము ఇంగ్లీషు శిక్షణ కేంద్రములు నెలకొల్పినపుడు ఆ పనిని అప్పగించినది ఈ హైదరాబాదు సంస్థకే. నలువైపుల దేశములు మనలను ఆచార్యులుగా పిలిచినవి. నడుమనున్న దేశపు బడిలో మన పట్టభద్రుడు ‘నీవు పుట్టినది ఎచ్చట?’ అను ప్రశ్నకు జవాబు చెప్పుకొనుచున్నాడు. ఇందు థాయివారి తప్పెంతయో, ఫీజు కట్టు తల్లిదండ్రుల మోజెంతయో తూచి చెప్పుట కష్టము. మన పట్టణములలోని కాన్వెంటులు మాత్రము ‘దొరల ఉచ్చారణ’ యని బోర్డు కట్టుట లేదా?

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. అచ్చట బడిలో పనిచేయుటకు ఉద్యోగపు వీసా, పని అనుమతిపత్రము, డిగ్రీ, ‘ఖురుసఫా’ అను ఉపాధ్యాయ మండలి లైసెన్సో తాత్కాలికానుమతియో కావలెను. యాత్రికుల వీసాపై పోయి పాఠము చెప్పుట నేరము. ముందు రమ్ము, కాగితములు తరువాత చూతమను ఏజెంటును నమ్మరాదు. 2024 మే నెలలో ఉద్యోగముల పేర యువకులను కంబోడియాకు తరలించి మోసపు ముఠాల కప్పగించిన ఏజెంట్లను విశాఖపట్నము పోలీసులు పట్టుకొనిరి. 2025 మార్చిలో మయన్మారునందలి అట్టి స్థావరములనుండి బయటపడిన 549 మంది భారతీయులను థాయి సరిహద్దు పట్టణమైన మే సాట్ నుండి వైమానిక దళపు విమానములలో రెండు దినములలో తీసికొనివచ్చిరి. వారిలో తెలుగువారును ఉండిరి. వారిలో పెక్కండ్రు మొదట దిగినది బ్యాంకాకులోనే. బడి పేరేమి, ఏ ఊరు, ఒప్పందము ఎవరితో, వీసా ఏ తరగతిది, ఈ నాలుగు ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబు రానిదే పూండిలో టిక్కెట్టు కొనరాదు.

కాగితములు వచ్చులోపల దొరకు సాయంకాలములలో థాయి లిపి నేర్చుకొనుట మేలు. దాని మూలము ఖ్మేరు లిపి, దానికి మూలము మన దక్షిణాది పల్లవ లిపి. 44 హల్లులు, క వర్గముతో మొదలై చ వర్గము, ట వర్గము వరుసగా మన బాలశిక్షలోని క్రమముననే సాగును. స్వరములు ఐదు: ‘మై’ అను ఒక్క మాటయే స్వరమును బట్టి క్రొత్తది, కర్ర, కాదు, పట్టు అను అర్థముల నిచ్చును. అక్షరములు కూడబలుకుకొని తరగతి తలుపుపై వ్రాసిన పేరు చదివిన క్రొత్త పంతులును చూచి పిల్లలు నవ్వుదురు. నవ్విన తరువాత తాము కూడ ఇంగ్లీషులో తప్పు పలుకుటకు కొంచెము జంకు మానుదురు.