రెండు రోజుల పాలా? నెల రోజుల పాలా?



గిద్దలూరు ప్రాంతంలో వానను నమ్ముకున్న మెట్ట పొలాలే ఎక్కువ. వాన పడితే కంది పండుతుంది, లేకపోతే ఎండుతుంది. పంట చేతికి రాని రోజుల్లో ఇల్లు నడిచేది దేనివల్ల? వాకిట్లో ఉన్న బర్రె వల్ల. ఉప్పు, పప్పు పాల డబ్బుతోనే. పొదుపు సంఘం కంతు కూడా ఆ డబ్బుతోనే.

అలాంటి బర్రెకు గాలికుంటు జబ్బు వస్తే ఏమవుతుంది? జ్వరం వస్తుంది. నోట్లో, గిట్టల సందుల్లో బొబ్బలు లేస్తాయి. చొంగ కారుతుంది. మేత ముట్టదు. కుంటుతుంది. పాలు పడిపోతాయి. లేత దూడలైతే ఉన్నట్టుండి చచ్చిపోతాయి కూడా.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక బర్రె రోజుకు 4 లీటర్లు ఇస్తుందనుకోండి. జబ్బు చేసి 1 లీటరుకు దిగింది. 3 లీటర్లు పోయాయి. లీటరు 50 రూపాయలు అనుకున్నా రోజుకు 150 రూపాయలు నష్టం. అలా నెల గడిస్తే 4,500 రూపాయలు. మందుల ఖర్చు వేరే. ఎద్దుకు వస్తే సేద్యం అదును తప్పుతుంది. బాడుగకు ట్రాక్టరు పిలవాలి. డబ్బు వడ్డీకి తేవాలి. జబ్బు తగ్గినా కొన్ని బర్రెలు త్వరగా ఎదకు రావు. బర్రె లేచి తిరిగినా ఇంట్లో అప్పు మిగులుతుంది.

ఈ జబ్బు రాకుండా టీకా ఉంది. 6 నెలలకు ఒకసారి వేయించాలి. 4 నెలలు నిండిన దూడకూ వేయించాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద ఇది ఉచితం.

అయినా కొందరు టీకా వేసేవాళ్లు వచ్చే రోజు బర్రెను పొద్దున్నే మేతకు తోలేస్తారు. "సూది వేస్తే పాలు తగ్గుతాయమ్మా" అంటారు. నిజమే, కొన్నిటికి ఒకటి రెండు రోజులు తగ్గవచ్చు. మళ్లీ వస్తాయి. 2 రోజులు సగం పాలే ఇచ్చినా పోయేది 200 రూపాయలు. ఇటు 200, అటు 4,500. ఏది మేలో మీరే చెప్పండి. నిండు చూడి బర్రె అయితే ముందే డాక్టరుతో చెప్పండి.

ఒక్క ఇంట్లో వేయిస్తే చాలదు. పశువులన్నీ ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి. ఒకే బీడులో మేస్తాయి. చొంగ ద్వారా, గాలి ద్వారా జబ్బు పాకుతుంది. ఊరంతా వేయిస్తేనే ఊరికి రక్ష. ఒకప్పుడు ముసర వ్యాధి మందలకు మందల్నే తినేసింది. టీకాలు వేసి వేసి 2011 నాటికి దాన్ని ప్రపంచం నుంచే తరిమేశారు.

జబ్బు పశువును విడిగా కట్టండి. తొట్టి వేరే పెట్టండి. సంతకు తోలకండి. పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. లేదా 1962 నంబరుకు ఫోను చేయండి.

టీకా వేయించిన తేదీ రాసి పెట్టుకోండి. మళ్లీ వేయించాల్సిన తేదీ దాని కింద రాయండి. రాయడం ఇప్పుడు మీకు వచ్చు కదా!