పేదబిడ్డకు వేరే కొలబద్ద లేదు

శిశు ఆరోగ్యం, పోషకాహారం మీద జరుగుతున్న ఈ సదస్సుకు అధ్యక్షత వహించే బాధ్యతను నిర్వాహకులు నాకు అప్పగించారు. వయసుకు తగ్గట్టు ఎదగని బిడ్డ ఎవరి బాధ్యత, ఆసుపత్రిలోని వైద్యుడిదా, ప్రభుత్వానిదా అన్న ప్రశ్న మన చర్చలన్నిటికీ మూలంలో ఉంది. ఆ ప్రశ్నకు డాక్టర్ సి. గోపాలన్ గారి వైద్యజీవితం సమాధానమని నేను భావిస్తున్నాను. 1918లో సేలంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో చేరిన ఆయన, ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చాక దానికి డైరెక్టరయ్యారు. ఈనాడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. 1974లో భారత వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీ వెళ్ళారు. 1980లో న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. నూరేళ్ళు నిండు జీవితం గడిపి 2019లో కన్నుమూశారు. ఈ జీవితాన్ని సాధారణంగా రెండు భాగాలు చేసి చెబుతారు: మొదట రోగుల మంచాల దగ్గర పనిచేసిన వైద్యుడు, తరువాత విధానాలు రూపొందించిన ప్రజారోగ్యవేత్త. ఆ విభజన సరైంది కాదని నా వాదన. మొదటి నుంచి చివరిదాకా ఆయన పట్టుకున్నది ఒకే సూత్రం. పేదబిడ్డ ఎదుగుదలను కొలవడానికి వేరే కొలబద్ద ఉండకూడదు.

ఈ సూత్రం పుట్టింది ఉపన్యాస వేదికల మీద కాదు, పిల్లల వార్డులో. అప్పటి గోల్డ్ కోస్టులో, అంటే నేటి ఘనాలో, పనిచేసిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ 1930లలో క్వాషియోర్కర్ అనే పోషకలోప జబ్బును వైద్యలోకానికి పరిచయం చేశారు. అందులో కాళ్ళకూ ముఖానికీ నీరు పడుతుంది, జుట్టు రంగు మారుతుంది, చర్మం పొరలుగా ఊడుతుంది. మరాస్మస్ అనే మరో పోషకలోప జబ్బులో నీరు పట్టదు. కండ, కొవ్వు కరిగిపోయి బిడ్డ ఎముకల గూడై మిగులుతాడు. మాంసకృత్తులు చాలకపోతే మొదటి జబ్బు, మొత్తం తిండే చాలకపోతే రెండోది అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. గోపాలన్ బృందం వార్డులో చేరిన పిల్లలను పరీక్షించడంతో ఆగలేదు. జబ్బు పడకముందు ఊళ్ళలో పిల్లలు ఏమి తింటున్నారో గమనించింది. ఆ తరువాత క్వాషియోర్కర్ వచ్చిన పిల్లల తిండికీ, మరాస్మస్ వచ్చిన పిల్లల తిండికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పరిశీలన నుంచి గోపాలన్ 1968లో ఒక వివరణ ఇచ్చారు: మరాస్మస్ బిడ్డ శరీరం తన కండనే కరిగించి ముఖ్యమైన అవయవాలకు కావలసింది సమకూర్చుకుంటుంది, ఆ సర్దుబాటు కుదరని బిడ్డకు నీరు పడుతుంది. క్వాషియోర్కర్ కారణాల మీద శాస్త్రం ఆ తరువాత ఇంకా చాలా చర్చించింది. కానీ ఒక విషయం అప్పుడే తేలిపోయింది. లేమికి సర్దుకున్న శరీరం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. అది ఆ సర్దుబాటుకు తన కండతోనే మూల్యం చెల్లిస్తుంది.

ఆ రోజుల్లో ప్రపంచానికి మాంసకృత్తుల సంక్షోభం ముంచుకొస్తోందని ఐక్యరాజ్యసమితి సంస్థలు హెచ్చరిస్తున్నాయి. చేపల పొడి, సూక్ష్మజీవులతో తయారుచేసిన మాంసకృత్తులు, లైసిన్ కలిపిన పిండి వంటివి పేదదేశాలకు పరిష్కారాలుగా ముందుకొచ్చాయి. హైదరాబాదు శాస్త్రవేత్తలు వేరే ప్రశ్న వేశారు. మన పిల్లలు తినే అన్నం, జొన్నసంకటి, పప్పు వాళ్ళకు కడుపునిండా దొరికితే అందులోని మాంసకృత్తులు సరిపోవా? దీన్ని తేల్చడానికి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి నుంచి ఐదేళ్ళ వయసు పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన ఆహారం రోజూ అదనంగా ఇచ్చారు. అందులో సుమారు 310 కిలోకేలరీల శక్తి ఉంది. మాంసకృత్తులు 3 గ్రాములే. అయినా అది తిన్న పిల్లలు తినని పిల్లలకంటే ఎత్తూ బరువూ ఎక్కువ పెరిగారు. ఈ ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. మరుసటి ఏడాది పోషకాహార శాస్త్రవేత్త డొనాల్డ్ మెక్లారెన్ లాన్సెట్ పత్రికలో మాంసకృత్తుల విధానాన్ని ఘోర వైఫల్యంగా తీర్పు చెప్పారు. పేదబిడ్డకు ప్రత్యేకమైన పొడి అక్కర్లేదు, కలిగినవాళ్ళ బిడ్డ తినేంత మామూలు తిండి కావాలి అన్నది హైదరాబాదు పాఠం. జబ్బుకు మూలం గింజలో లేదు, ఇంటికి ఎంత గింజ చేరుతుందో అందులో ఉంది. అంటే కూలి రేట్లు, ధాన్యం ధర, చౌకధరల దుకాణం కూడా శిశువైద్యంలో భాగమేనని ఒక వైద్యుడు కొలతలతో నిరూపించినట్టయింది.

జాతీయ పోషకాహార సంస్థ చేసిన మిగతా పనిలోనూ ఇదే నడక కనిపిస్తుంది. మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బుగా ప్రపంచానికి తెలిసిన పెల్లాగ్రా తెలంగాణలో జొన్న తినే పేదల్లో కనబడితే, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దానికి కారణమని గోపాలన్, ఆయన సహచరుడు శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారు. విటమిన్ ఏ లోపంతో పిల్లలు చూపు కోల్పోకుండా ఆరునెలలకోసారి పెద్ద మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. దాని వెనుక ఈ సంస్థ పరిశోధన ఉంది. అయితే ఆ మోతాదు శాశ్వత పరిష్కారమని గోపాలన్ ఎన్నడూ అనుకోలేదు. ఆకుకూరలు, పాలు, పండ్లు పిల్లల కంచంలోకి రావాలన్నదే ఆయన చివరిదాకా చేసిన వాదన. ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి వంగి నడవలేకపోతున్న పిల్లల గురించి అదే సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో రాశారు. ఆ వంకరకు అసలు చికిత్స ఊరికి మంచినీళ్ళు తేవడమే.

గోపాలన్ సూత్రానికి అసలైన పరీక్ష, మొదటి అభ్యంతరం రూపంలో, 1980ల మొదట్లో ఎదురైంది. ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ ఒక వాదన తెచ్చారు: ఎత్తు తక్కువైనా ఆ ఎత్తుకు తగ్గ బరువు ఉన్న పిల్లలు చిన్నవాళ్ళే తప్ప అనారోగ్యవంతులు కారు, వాళ్ళను పోషకలోపం ఉన్నవాళ్ళుగా లెక్కించడం తప్పు. మన దేశపు గొప్ప గణాంకవేత్త పి.వి. సుఖాత్మే, శరీరానికి కావలసిన శక్తి ఒకే మనిషిలో కూడా మారుతూ ఉంటుందనీ, కొంత తక్కువ తిండికి శరీరం హాని లేకుండా సర్దుకోగలదనీ, కాబట్టి ఆకలి లెక్కలు ఎక్కువ చేసి చూపిస్తున్నారనీ అన్నారు. ఈ వాదనలను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పరిమితమైన వనరులు ముందుగా ప్రాణాపాయంలో ఉన్న పిల్లలకు అందాలన్న ఆలోచన వాటి వెనుక ఉంది. సుఖాత్మే చెప్పిన రోజువారీ హెచ్చుతగ్గులూ నిజమే. కానీ 1983లో ఫౌండేషన్ బులెటిన్‌లో గోపాలన్ తీవ్రంగా బదులిచ్చారు. చిన్నగా ఉండడం ఆరోగ్యమే అయితే అది పేదవాళ్ళకు మాత్రమే ఎందుకు వర్తిస్తోందని నిలదీశారు. ఆ జవాబుకు బలం మరాస్మస్ వార్డు నుంచే వచ్చిందని నా అభిప్రాయం. సర్దుకున్న శరీరం ఏమి చెల్లిస్తుందో ఆయన కళ్ళారా చూశారు. పొట్టితనం దానంతటది జబ్బు కాదు. కానీ అది బిడ్డ తొలి ఏళ్ళలో పడిన ఆకలికీ, పదేపదే వచ్చిన విరేచనాలకూ, జ్వరాలకూ మిగిలిన గుర్తు. ఆ గుర్తుతో పెరిగిన ఆడపిల్ల తల్లి అయ్యాక తక్కువ బరువు బిడ్డను కనే ప్రమాదం ఎక్కువ. హైదరాబాదు దగ్గర పేలుడు ఫ్యూజులు తయారుచేసే కార్మికుల మీద జాతీయ పోషకాహార సంస్థకు చెందిన సత్యనారాయణ బృందం 1977లో ప్రచురించిన అధ్యయనంలో, శరీరం పెద్దగా ఉన్నవాళ్ళు ఎక్కువ పని చేయగలిగారని తేలింది. కూలి మీద బతికే కుటుంబంలో ఆ తేడా నేరుగా సంపాదనలో పడుతుంది.

భారతీయులు పుట్టుకతోనే పొట్టివాళ్ళు, పాశ్చాత్యుల కొలతలు మనకు ఎందుకు అన్నది రెండో అభ్యంతరం. కలిగిన కుటుంబాల భారతీయ పిల్లలు ఆ కొలతలకు దగ్గరగానే ఎదుగుతున్నారని గోపాలన్, ఆయన సహచరులు ఎప్పుడో చూపించారు. దీనికి గట్టి రుజువు ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం నుంచి వచ్చింది. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలు తాగుతూ, పొగతాగని తల్లుల దగ్గర, ఆరోగ్యకరమైన ఇళ్ళలో పెరిగిన పిల్లలను కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. పిల్లల పొడవులో కనిపించిన తేడాల్లో సుమారు 3 శాతమే దేశాల మధ్య తేడా; 70 శాతం ఒక్కో చోట ఒక్కో బిడ్డకూ మధ్య ఉన్నదే. 2006లో వెలువడిన ఎదుగుదల ప్రమాణాలకు ఇదే పునాది. ఇందులో వైద్యులు గమనించవలసిన మరో విషయం ఉంది. గ్రోత్ హార్మోన్ లోపం, థైరాయిడ్ లోపం వంటి చికిత్స ఉన్న జబ్బులు ఎదుగుదలను ఆపుతాయి. పేదబిడ్డ పొట్టిగా ఉండడం సహజమని ముందే అనుకుంటే ఆ జబ్బులూ కనబడకుండా పోతాయి. ఒకే కొలబద్ద ఉంటేనే ఒక్క బిడ్డ జబ్బూ తేలుతుంది, ఊరంతటి లేమీ తేలుతుంది.

మూడో అభ్యంతరం ఈ కాలానిది: పొట్టి పిల్లలకు ఎక్కువ తిండి పెడితే ఎత్తు రాదు, లావు వస్తుంది, రేపు మధుమేహం వస్తుంది. ఇందులో సత్యం ఉంది. తల్లి ఎత్తు, గర్భంలో ఎదుగుదల, మొదటి రెండేళ్ళు బిడ్డ ఎత్తును చాలావరకు నిర్ణయిస్తాయి. ఒక తరంలో పోయింది ఒక పూట భోజనంతో తిరిగిరాదు. కానీ హైదరాబాదు దగ్గరి పల్లెల నుంచే దీనికి జవాబు ఉంది. గర్భిణులకూ చిన్నపిల్లలకూ సమీకృత శిశు అభివృద్ధి పథకం ద్వారా అదనపు ఆహారం అందిన ఊళ్ళలో పుట్టిన పిల్లలు కౌమారానికి వచ్చాక, అందని ఊళ్ళ పిల్లలకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు. ఇన్సులిన్‌ను శరీరం లెక్కచేయకపోయే లక్షణం కూడా వాళ్ళలో తక్కువే. ఇది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సరైన వయసులో సరైన తిండి అందితే ఎత్తుకూ ఆరోగ్యానికీ వైరం లేదు.

ఇక మన లెక్క చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. అదే సర్వేలో అధిక బరువున్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం దాటారు. ఒకే ఇంట్లో ఎదగని బిడ్డా, బరువెక్కిన తల్లీ ఉండే కాలంలోకి వచ్చాం. ఇలాంటప్పుడు కొలబద్దను దించి అంకెలను అందంగా చూపాలన్న ప్రలోభం ప్రభుత్వాలకే కాదు, మన శాస్త్రవేత్తలకూ కలుగుతుంది. దానికి లొంగకూడదని ఈ వేదిక నుంచి మనవి చేస్తున్నాను. ప్రతి అంగన్వాడీలో బరువుతో పాటు పొడవునూ శ్రద్ధగా కొలవాలి. ఆ కొలత రిజిస్టరులో మిగిలిపోకుండా తల్లికీ, ఆరోగ్య కేంద్రం వైద్యుడికీ చేరాలి. అంగన్వాడీల్లో పిల్లలకు ఇచ్చే బాలామృతం నాణ్యతా, ఊరి మంచినీళ్ళూ, ఆడపిల్ల చదువూ, పెళ్ళి వయసూ శిశువైద్యుల సమావేశాల్లో చర్చకు రావాలి. వైద్యకళాశాలల్లో విద్యార్థి పిల్లల వార్డులో చూసిన బిడ్డ ఊరికి వెళ్ళి ఆ ఇంటి వంటను కూడా చూసి రావాలి. గోపాలన్ గారి జీవితం మనకు ఇచ్చిన పని ఇదే. ఈ సదస్సు పత్రాలను ఆ ప్రమాణంతోనే పరిశీలించమని కోరుతూ, చర్చకు మీ అందరినీ ఆహ్వానిస్తున్నాను.