రెండు అంత్యక్రియలు: దక్కను రాతి సమాధులు

దక్కను పీఠభూమిలో ఇనుము వాడకం మొదలైన రోజుల్లో, సుమారు క్రీ.పూ. 1200 నాటి నుంచి, చనిపోయినవారికి పెద్ద బండలతో సమాధులు కట్టే ఆచారం వ్యాపించి క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా కొనసాగింది. విదర్భ నుంచి కేరళ వరకు ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి. తెలుగు పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లనీ పాండవ గుళ్లనీ అంటారు. అంతటి బండలను ఎత్తడం మామూలు మనుషుల తరం కాదన్న నమ్మకం ఆ పేర్లలో ఉంది.

అంతకు ముందు, కొత్త రాతియుగంలో, మృతులకు చోటు ఇళ్ల నడుమే ఉండేది. పసిపిల్లలను కుండల్లో పెట్టి పూడ్చేవారు, పెద్దవాళ్లను గోతిలో వెల్లకిలా పడుకోబెట్టేవారు. ఇనుపయుగంలో మృతులు ఊరు దాటారు. సాగుకు పనికిరాని రాతి నేలలు, గుట్టల అంచులు శ్మశానాలయ్యాయి.

సమాధుల్లో నేర్పు ఎక్కువగా కనిపించేది రాతిపెట్టెలోనే. గొయ్యి తవ్వి, నాలుగు పలకలను నిలువుగా పాతి, ఒక్కో పలక అంచు పక్కదానికి ఆనుకుని కొంచెం ముందుకు సాగేట్టు అమర్చేవారు. పైనుంచి చూస్తే అది స్వస్తిక ఆకారం. చుట్టూ ఉన్న మట్టి నెట్టినా ఏ పలకా లోపలికి ఒరగకుండా పక్క పలక ఆపుతుంది. సాధారణంగా తూర్పు పలకకు గుండ్రటి రంధ్రం తొలిచి, దాన్ని మరో రాతితో మూసేవారు. పైన కప్పుబండ, దాని మీద రాళ్ల కుప్ప, చుట్టూ గుండ్ల వలయం. ఒక కుటుంబం ఒంటరిగా చేయగల పని కాదిది. బండ చీల్చడానికి, ఈడ్చడానికి, ఎత్తడానికి ఊరంతా కదిలి ఉండాలి, ఆ ఊరికి తిండి పెట్టినవారూ ఉండాలి.

ఇంత శ్రమతో కట్టిన పెట్టెలో చాలాచోట్ల పూర్తి అస్థిపంజరం ఉండదు. కపాలం, తొడ ఎముకలు, చేతి ఎముకలు కొన్ని దొరుకుతాయి. ఒక్కోసారి పలువురివి కలిసిపోయి ఉంటాయి. అంటే శరీరాన్ని ముందు మరోచోట ఉంచి, మాంసం పోయాక ఎముకలను ఏరి ఇక్కడికి తెచ్చారు. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, అక్కడి కొన్ని పెద్ద గుంతలు శవాలను అలా ఉంచడానికి వాడినవేనని భావించాడు. ఈ సమాధులను అర్థం చేసుకోవడానికి బండల పరిమాణం కన్నా ఈ రెండో అంత్యక్రియే ముఖ్యం. చావు ఒక్క రోజుతో ముగిసేది కాదు. మొదటి క్రియకూ రెండో క్రియకూ మధ్య గడువు ఉండేది. రాళ్లు సమకూర్చుకోవడమూ బంధుగణాన్ని పోగుచేయడమూ ఆ గడువులోనే జరిగి ఉంటాయి.

ఎముకలతో పాటు నలుపు-ఎరుపు కుండలు, ఇనుప కొడవళ్లు, గొడ్డళ్లు, బల్లేలు, కెంపురంగు రాతిపూసలు పెట్టారు. విదర్భలోని మహుర్‌ఝరిలో గుర్రాల ముఖాలకు తొడిగే రాగి రేకులు కూడా దొరికాయి. అయితే ఊళ్లో చనిపోయిన ప్రతివారికీ ఈ గౌరవం దక్కలేదు. ఒక్కో శ్మశానం ఎన్ని తరాలు సాగిందో చూస్తే సమాధుల సంఖ్య మరీ తక్కువ.

అంతటా ఒకే పద్ధతి లేదు. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరులో పెద్ద మట్టి కాగులు, కేరళలో లాటరైటును తొలిచిన గదులు, మరికొన్నిచోట్ల కాళ్లున్న మట్టి శవపేటికలు కనిపిస్తాయి. కడప జిల్లా శంఖవరంలో పొట్టేలు ఆకారపు పేటిక దొరికింది. గోదావరి లోయ అడవుల్లో బండల గూళ్ల పక్కన శిలువ ఆకారపు నిలువురాళ్లున్నాయి. 19వ శతాబ్దంలో వాటిని చూసిన ఆంగ్లేయులు కొందరు క్రైస్తవానికి ముడిపెట్టారు. తమిళ కావ్యం మణిమేకలై ఒకే నగరపు శ్మశానంలో దహనం, ఆరుబయట వదలడం, గోతిలో పూడ్చడం, గూటిలో మూయడం, కాగులో ఉంచడం అనే ఐదు పద్ధతులనూ చెబుతుంది.

1850ల ప్రాంతంలో కర్ణాటకలోని సురపురం సమాధులను తవ్విన ఆంగ్లేయ అధికారి మెడోస్ టేలర్ వాటిని ఐరోపా రాతి సమాధులతో పోల్చి, రెండింటికీ బంధుత్వం ఉందనుకున్నాడు. ఇంగ్లండులోని వెస్ట్ కెన్నెట్ సమాధిలోనూ పలువురి ఎముకలు కలిసే దొరికాయి గానీ అది దక్కను సమాధుల కన్నా రెండు వేల ఏళ్లకు పైగా పాతది. పోలికకు కారణం వంశం కాదు, ఆచారపు తర్కం. ఫ్రెంచి పండితుడు రాబర్ట్ హెర్ట్జ్ 1907లో బోర్నియో దయాకుల రెండు అంత్యక్రియలను పరిశీలించి ఆ తర్కాన్ని వివరించాడు. శరీరం కుళ్లుతున్నంత కాలం ఆత్మ కూడా నిలకడ లేకుండా తిరుగుతుంది. ఎముకలు శుభ్రపడ్డాక రెండో క్రియతో అది పితరులను చేరుతుంది, బతికినవారికి మైల తీరుతుంది.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాల్లోనూ ఒడిశాలోనూ ఉండే సవరలలో ఇలాంటి క్రమం ఇటీవలి దాకా సాగింది. దహనం తర్వాత కొంత కాలానికి ‘గువార్’ అనే కర్మ జరిపి, వంశపు రాళ్ల గుంపులో మృతుడి పేర ఒక రాయి నాటి, దున్నను బలి ఇచ్చేవారు. పూనకంలో ఉన్న మధ్యవర్తి నోట మృతులు మాట్లాడతారని నమ్మి, వారితో వాదించేవారు, ఏడ్చేవారు. ఆ రాళ్ల కింద ఎముకలుండవు. సవరలు ఆ పాత సమాధులు కట్టినవారి వారసులని చెప్పడానికి ఆధారమూ లేదు. గత కొన్ని దశాబ్దాల్లో క్రైస్తవం స్వీకరించిన అనేక సవర పల్లెల్లో రాయి నాటడం ఆగిపోయింది.