‘ఆంతరంగిక వ్యవహారం’ అనే గోడ

(పాలకీడులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాల గురించి మాట్లాడమన్నారు. కూలి రేట్ల కోసం, భూమి పట్టాల కోసం, సారా దుకాణాల మీద కొట్లాడే మనకు వీటితో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. ఆ సిద్ధాంతాలన్నిటికీ మూలస్తంభంలాంటి మాట సార్వభౌమత్వం. తన సరిహద్దుల లోపల రాజ్యానిదే తుది మాట, బయటివాళ్ళు జోక్యం చేసుకోకూడదు అని దాని అర్థం. ఈ మాటను మనం ఇంకో రూపంలో రోజూ వింటాం. భార్యను కొడుతున్నవాణ్ణి ఆపబోతే వచ్చే జవాబు ఏమిటి? “ఇది మా ఇంటి విషయం, మధ్యలో మీరెవరు?” ఈ రెండు మాటలకూ ఉన్న చుట్టరికాన్ని మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

ఉదాహరణ కోసం దూరం పోనక్కర లేదు. ఇక్కడికి దక్షిణాన పారే కృష్ణానది 1948లో ఒక సరిహద్దు. ఇవతల నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం, అవతల మద్రాసు రాష్ట్రంలో భాగమైన గుంటూరు జిల్లా. 1956లో అది రెండు జిల్లాల మధ్య గీత అయింది. 2014లో మళ్ళీ రెండు రాష్ట్రాల సరిహద్దు అయింది. నది అదే. గీత అర్థాన్ని మార్చింది మనుషులు, వాళ్ళ రాజకీయాలు.

1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 16న పారిస్‌లో మండలి సమావేశమైంది. మాది స్వతంత్ర రాజ్యం, మా మీద దురాక్రమణ జరుగుతోందన్నది హైదరాబాద్ వాదన. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమే కాదు, ఇది మా ఆంతరంగిక వ్యవహారం అన్నది భారత ప్రభుత్వ వాదన. మరునాడే నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత ఫిర్యాదునూ వెనక్కు తీసుకున్నాడు. మండలి ఏ నిర్ణయమూ చెయ్యలేదు.

ఆ రెండు వాదనల్లో ఏది న్యాయమైంది అన్నది కాదు ఇక్కడ నా ప్రశ్న. రెండు పక్షాలూ వాదించుకున్నది ఈ ఇంటికి యజమాని ఎవరన్న దాని గురించే. ఇంటి లోపల ఎవరికేం జరుగుతోందన్నది వాదనకు కేంద్రం కాలేదు. అప్పటికి రెండేళ్ళుగా నల్లగొండ, వరంగల్లు పల్లెలు దేశ్‌ముఖుల మీద, వెట్టిచాకిరీ మీద తిరగబడి ఉన్నాయి. గడీల్లో ఆడబాపలున్నారు. పల్లెల మీద రజాకార్ల దాడులున్నాయి. సైన్యం వచ్చాక ముస్లిం జనం మీద జరిగిన హింసను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. స్త్రీల మీద అత్యాచారాలనూ, అపహరణలనూ అందులో రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 1951లో పోరాటం విరమించేదాకా ఈ జిల్లాలో పోలీసు, మిలిటరీ క్యాంపులు నడిచాయి. యజమాని మారాడు. స్త్రీకి భయం మాత్రం మారలేదు.

అదే 1948లో హాన్స్ మోర్గెన్‌థౌ ‘పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్’ అచ్చయింది. వాస్తవవాదం అనే సిద్ధాంతానికి అది మూలగ్రంథాల్లో ఒకటి. రాజకీయమంటే అధికారం కోసం పోరు, ప్రతి రాజ్యమూ తన ప్రయోజనాన్ని అధికారం లెక్కలోనే చూసుకుంటుంది అంటుంది అది. ఉదారవాదులు చట్టాలు, ఒప్పందాలు, సంస్థలతో ఆ పోరును అదుపు చెయ్యవచ్చన్నారు. మార్క్సిస్టులు రాజ్యాల వెనక వర్గాలనూ పెట్టుబడినీ చూపించారు. 1988లో ఆన్ టిక్నర్ మోర్గెన్‌థౌ సూత్రాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఇది మగవాడి అనుభవం మీద కట్టిన సగం బొమ్మ మాత్రమేనని చూపించింది. సింథియా ఎన్‌లో సైనిక స్థావరాల చుట్టూ, తోటల్లో, దౌత్యవేత్తల ఇళ్ళల్లో స్త్రీలు చేసే చాకిరీ లేకుండా అంతర్జాతీయ రాజకీయాలు నడవవని రాసింది. ఇక్కడ అంతకు ముందే, 1986లో, స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాట స్త్రీల గొంతులు వినిపించింది. పోరాటంలోకి పిలిచినవాళ్ళే విరమణ తర్వాత ఇళ్ళకు పొమ్మన్నారని ఆ స్త్రీలు చెప్పారు. భద్రత ఎవరికి, ఎవరి నుంచి అనే ప్రశ్న వాళ్ళ మాటల్లో అప్పటికే ఉంది.

ఇప్పుడు ఆ చుట్టరికం దగ్గరికి వస్తాను. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ రూపుమాపే ఒప్పందం, సీడా, 1979లో వచ్చింది. భారతదేశం 1993లో దాన్ని ఆమోదించింది. కానీ ఒక ప్రకటన తగిలించింది. ఏ సమాజపు వ్యక్తిగత వ్యవహారాల్లోనూ, ఆ సమాజం చొరవా సమ్మతీ లేకుండా జోక్యం చేసుకోబోమని. అంటే రాజ్యం తనకున్న గోడలాంటిదే సమాజం చుట్టూ కట్టి ఇచ్చింది. సమాజం ఇంకొకటి కుటుంబం చుట్టూ కట్టుకుంది. గోడలో గోడ. అన్నిటికన్నా లోపల ఉన్నది ఆడది. సమాజం సమ్మతి అన్నప్పుడు ఎవరి సమ్మతి? కులపెద్దలదా, మతపెద్దలదా, మనదా?

అయినా గోడకు బీటలు పడ్డాయి. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు భన్వరీ దేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె కూడా మనలాంటి గ్రామ కార్యకర్తే. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన విశాఖ కేసులో 1997లో సుప్రీంకోర్టు సీడాను ఆధారం చేసుకుని పనిచోట లైంగిక వేధింపులకు మార్గదర్శకాలిచ్చింది. అవి 2013లో చట్టమయ్యాయి. ఆ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ ఉండాలి. కూలికి పోయే స్త్రీ, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీ కూడా అక్కడ ఫిర్యాదు చెయ్యవచ్చు. 2005 గృహహింస చట్టం ‘మా ఇంటి విషయం’ అనే మాటను చట్టం దృష్టిలో చెల్లని మాట చేసింది.

ఒక్క జాగ్రత్త. సార్వభౌమత్వమే వద్దని నేను అనడం లేదు. వలస పాలన నుంచి బయటపడిన దేశాలకు అది కష్టపడి తెచ్చుకున్న రక్షణ. 2001లో అఫ్గానిస్తాన్ మీద యుద్ధానికి అమెరికా అక్కడి స్త్రీల విముక్తిని కూడా ఒక కారణంగా చెప్పింది. 2021లో తాలిబన్లు తిరిగి వచ్చారు, బాలికల హైస్కూళ్ళు మూతపడ్డాయి. బయటినుంచి బాంబులతో వచ్చేవాడు మన పక్షాన ఉన్నట్టు కాదు. లోపల ఉన్న స్త్రీలు సంఘటితమై, వాళ్ళు కోరిన విధంగా బయటి మద్దతు తీసుకోవడం వేరు. వాళ్ళ పేరు చెప్పి ఇంకొకరు గద్దెనెక్కడం వేరు.

కాబట్టి ‘జాతీయ భద్రత’, ‘ఆంతరంగిక వ్యవహారం’, ‘కుటుంబ గౌరవం’ అన్న మాటలు ఎక్కడ వినిపించినా మనం వెయ్యాల్సిన ప్రశ్నలు మూడు. ఈ గోడ ఎవరు కట్టారు? దీనివల్ల ఎవరికి రక్షణ? లోపలి నుంచి అరిస్తే బయటికి వినపడే దారి ఉందా? పారిస్‌లో 1948లో ఈ ప్రశ్నలు అడిగే చోటు మనకు లేదు. ఇవాళ గ్రామసభలో, పోలీస్ స్టేషన్‌లో, జిల్లా కమిటీలో అడిగే చోటు ఉంది. దాన్ని వాడుకోవాలి. లేని చోట సంపాదించుకోవాలి.