పరాయి దేశంలో మొదటి మూడు నెలలు



పీస్ కోర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1961లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన సంస్థ ఇది. దీని వాలంటీర్లు సాధారణంగా రెండేళ్లపాటు వేరే దేశంలో ఉండి పనిచేస్తారు. మన పక్కనే ఉన్న నేపాల్‌కి వచ్చేవాళ్ల సంగతి చూద్దాం.

దిగగానే వాళ్లని పనిలోకి పంపరు. ముందు దాదాపు మూడు నెలల శిక్షణ. అదీ హోటల్లో ఉండి కాదు, ఒక నేపాలీ కుటుంబంతో, వాళ్లింట్లోనే ఉండి!

నేపాలీ పాఠాలుంటాయి. చేయబోయే పని గురించి తరగతులుంటాయి. కానీ నన్నడిగితే, అసలు బడి భోజనాల దగ్గరే. రెండు పూటలా పప్పూ అన్నం. కుడిచేత్తో కలుపుకుని తినాలి. ఎంగిలి చెయ్యి గిన్నెలో పెట్టకూడదు. చెంబు పెదవికి తగలకుండా నీళ్లు ఎత్తిపోసుకోవాలి. కొన్ని ఇళ్లలో అడగకుండా వంటింట్లో అడుగుపెట్టకూడదు కూడా. మనకివి పుట్టి పెరిగిన ఇంట్లోనే వచ్చేస్తాయి. చెంచాతో తిని పెరిగినవాళ్లు మాత్రం ఒక్కొక్కటీ చూసి నేర్చుకోవాల్సిందే.

ఇంటావిడ ‘ఆమా’ అవుతుంది. పెద్దమ్మాయి ‘దీదీ’ అవుతుంది. వరసలు కలిశాక సగం బెరుకు పోతుంది. అయినా ఇంటి మీద బెంగ ఉంటుంది. అది సహజం.

సేవకోసం విదేశం వెళ్లే మన పిల్లలకూ ఇదే చెబుతాను. తలుపేసుకుని ఫోన్‌తో గడపకండి. ఇంటివాళ్ల మధ్య కూర్చోండి. వచ్చీరాని మాటలతోనే మాట్లాడండి. తప్పులు వాళ్లే దిద్దుతారు.